ఏటి యొడ్డున ఒక ఇల్లు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



తన ఇంటికి కావలసినదంతయు తానే సమకూర్చుకొని, ఒకరి గడప త్రొక్కకుండ బ్రదుకవలెనను కోరిక మనలో చాలమందికి కలదు. ఆ కోరికను చాలవరకు నెరవేర్చుకొనిన మిత్రులొకరు నాకు కలరు. వశిష్ఠ గోదావరి లంకలో, తమ జిరాయితీ భూమిలో, వారు స్వహస్తములతో ఇల్లు కట్టుకొనిరి. ఇటీవల అచ్చట రెండు దినములుండి వచ్చితిని. చూచినది మీ పనికి అక్కరకు వచ్చునని తలచి ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

నా మిత్రులు వృత్తిచేత మేస్త్రీ కారు. ఒక తాపీమేస్త్రీ యొద్ద పని నేర్చుకొని, భార్యయు కుమారుడును తోడుకాగా, రెండు వేసవులలో ఇల్లు పూర్తిచేసిరి. ఎత్తైన అరుగును ఇటుకతోను సిమెంటుతోను కట్టి, దానిపై మూరెడు మందమున మట్టిగోడలు లేపి, తాటివాసములపై పెంకు పరచిరి. మెరకకు మట్టి త్రవ్విన గుంటయే నేడు చేపల చెరువైనది.

పశువులు మూడు. వాని పేడ దినమునకు సుమారు 25 కిలోలు. అంతే నీరు కలిపి గోబర్ గ్యాసు తొట్టిలో పోసినచో ఒక ఘనపు మీటరు గ్యాసు వచ్చును. చిన్న కుటుంబమునకు పూటపూటకు వంట దానితో జరిగిపోవును. వెలికివచ్చిన జారు కొబ్బరి మొదళ్ళకును, కూరపాదులకును పోవును. కప్పుపై ఒక కిలోవాటు సౌరఫలకములు కలవు. ఎండ బాగున్న దినమున అవి నాలుగు యూనిట్ల విద్యుత్తు నిచ్చును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది ఒక లీటరు నీరు. వారి కప్పు 60 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన ఒకటి పడినచో 3,000 లీటర్లు. పొరలిపోయినది పోగా, మిగిలినది తొట్టిలో చేరును. "ఉప్పు, బట్ట, మందులు: ఈ మూడింటికే రేవు దాటుదుమండీ" అని ఆ ఇల్లాలు నాతో అనిరి.

"ఇట్టివారికి పంచాయతీతో పనియేమి?" అని మీరు అనవచ్చును. నేనును వారిని ఆ మాటయే అడిగితిని. వారు జవాబు చెప్పక నన్ను అరుగు మెట్లకడకు తీసికొనిపోయిరి. మెట్లు పది. ఏడవ మెట్టున నీలపు గీత; దానిప్రక్క 2022 జూలై అని వ్రాసియున్నది. తొమ్మిదవ మెట్టున ఎఱ్ఱగీత. అది 1986 ఆగస్టు. భద్రాచలము వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకును, 2022లో 71.3 అడుగులకును లేచిన సంగతి మీరెరుగుదురు. ఆ రెండు వరదలును ఆ లంకలో ఎంత ఎత్తున నిలిచినవో ఆ మెట్లు చెప్పుచున్నవి.

ఇల్లు కట్టకముందు ఒక వృద్ధ పడవవాడు వారికి రామాలయము గోడపై 1986 నాటి నీటిగీతను చూపినాడట. ఆ మట్టమును నీళ్ళగొట్టముతో తమ స్థలమునకు తెచ్చి, దానిపై ఒక మెట్టు ఎక్కువ యెత్తున అరుగు వేసిరి. "ఆ గీత చూడనిచో అరుగు మూడడుగులు తగ్గించియుందును. 2022లో నా మట్టిగోడలు మడ్డియై పోయెడివి" అని వారనిరి. తరువాత ఆ గుడికి క్రొత్త సున్నము వేసినారు; గీత మరుగుపడినది. నేడా ఊరిలో 1986 నాటి మట్టము వారి మెట్టుపై తప్ప మరెచ్చటను లేదు.

ఇంకొక సంగతి. ఇల్లు గట్టిదని వారు వరదలో ఇంట కూర్చుండలేదు. మూడవ హెచ్చరికకు ముందే కుటుంబమును, పశువులను ఏటిగట్టు దాటించిరి. ఆ పడవ వారిది కాదు. వార్త తెచ్చిన మనిషియు వారి ఇంటివాడు కాడు. బావి మాత్రము వారిదే. కాని పొరుగువారు 50 అడుగుల లోపల మరుగుదొడ్డి గుంట త్రవ్వినచో ఆ బావినీరు చెడకుండ వారొక్కరు ఆపజాలరు.

గాంధీజీ 1942లో గ్రామస్వరాజ్యమును గూర్చి వ్రాయుచు, ముఖ్యావసరములలో గ్రామము తన కాళ్ళపై నిలువవలెననియు, తక్కినవానిలో ఇరుగుపొరుగు ఒకరికొకరు ఆధారము కావలెననియు చెప్పిరి. ఇంటికిని అదియే ధర్మము. గోడ కట్టుట గృహస్థుని పని. ఆ గోడ ఎంత ఎత్తున మొదలు కావలెనో తెలుపుట ఊరి పని.

కావున మూడు పనులు మీరు చేయదగినవి. మొదటిది, పాఠశాల గోడపైనో, పంచాయతీ కార్యాలయపు గోడపైనో వరదమట్టమును సంవత్సరముతో సహా రాతిలో చెక్కించుడు. రంగుగీత చాలదు, సున్నము దానిని మ్రింగును. ఇల్లు కట్టబోవువారికి ఆ రాయిని చూపుడు. ఏరు లేని ఊరికిని చెరువో వాగో ఉండును. రెండవది, బావికిని మరుగుదొడ్డి గుంటకును నడుమ 50 అడుగులు ఉన్నవో లేవో కొలిపించుడు. మూడవది, గోదావరి తీరమువారు ధవళేశ్వరము హెచ్చరికలను కంఠస్థము చేయుడు: నీరు 10 లక్షల క్యూసెక్కులైన మొదటిది, 13 లక్షలైన రెండవది, 17 లక్షలైన మూడవది. ఏ హెచ్చరికకు ఏ వీధికి ఎవరు పోవలెనో, ఎవరి పడవ ఏ రేవున నిలువవలెనో, లేవలేని వృద్ధులు, గర్భిణులు ఏ ఇండ్లలో ఉన్నారో వానకాలమునకు ముందే వ్రాసి ఉంచుడు.

వీనిలో మొదటి పనికి ఆలస్యము కూడదు. 1986లో ఇరువది యేండ్ల వయసువారు నేడు అరువదికి చేరుచున్నారు. నీరెంతవరకు వచ్చినదో వ్రేలితో చూపగలవారు వారే. వచ్చు గ్రామసభకు వారిని పిలిచి, ఆ గోడకడకు తోడ్కొనిపొండు.