నిఖాహ్‌కు ముందు అడగవలసిన మాట

 

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ అనంతపురం మెట్టసీమలో వేరుశనగ ఎండినప్పుడల్లా మన పిల్లలు బెంగళూరుకు, కేరళకు పనులు వెతుక్కుంటూ వెళ్తున్నారు. మెకానిక్ షెడ్డులోనో, లారీ మీదనో నెలల తరబడి ఇంటికి దూరమైన ఇరవై ఏళ్ల కుర్రవానికి శరీరధర్మం గురించి సరైన మాట చెప్పేదెవరు? తండ్రికి సిగ్గు, ఉస్తాదుకు మొహమాటం. తోటి పనివాడు చెబుతాడు, తన సెల్‌ఫోను చూపించి. అందుకే స్త్రీల సమక్షంలో, పెద్దల సమక్షంలో మేము ఈ సంగతి బాహాటంగా మాట్లాడదలిచాము.

"మనకు సున్తీ అయింది, ఎయిడ్స్ రాదు" అనే భ్రమ మన యువకులలో ఉంది. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన అధ్యయనాలలో స్త్రీ నుండి పురుషునికి హెచ్‌ఐవీ సోకే ముప్పు సున్తీ వల్ల దాదాపు 60 శాతం తగ్గిందని తేలింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానిని అంగీకరించింది. అయితే తగ్గడం వేరు, అసలు రాకపోవడం వేరు. భర్తకు వ్యాధి సోకిన పిదప ఆ సున్తీ భార్యను కాపాడదు. సవాయి, సెగ వంటి వ్యాధులకూ అది కవచం కాదు. నిగ్రహమే మన ధర్మం. తప్పటడుగు వేసినవానికి కండోమ్ గురించి తెలియనివ్వకపోతే ఆ శిక్ష పడేది ఏ పాపమెరుగని ఇల్లాలిపైన.

నిఖాహ్‌కు ముందు వరుని రక్తపరీక్ష కాగితాన్ని జమాత్ తప్పనిసరి చేయాలనే వాదన ఉంది. ఉద్దేశం మంచిదే, కానీ మేము సమ్మతించము. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితాన్ని బయటపెట్టరాదు. పైగా సోకిన తొలి వారాలలో పరీక్షకు వ్యాధి చిక్కకపోవచ్చు. ఆ కాగితం చూసి నిశ్చింతగా ఉండేదెలా? వ్యాధి ఉన్నవాడు బలవంతానికి జడిసి దాక్కుంటాడే గాని వైద్యానికి రాడు.

వధువు అంగీకారం లేనిదే నిఖాహ్ లేదంటాము. ఏమీ తెలియనివ్వకుండా తీసుకున్నది ఏపాటి అంగీకారం? వరుడూ వధువూ ఇష్టపూర్వకంగా సర్కారు ఆస్పత్రిలోని ఐసీటీసీకి వెళ్లవచ్చు. అక్కడ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. ఈ మాట అడిగిన ఆడపిల్లను గయ్యాళి అనకండి.

వ్యాధి ఉందని తేలితే బ్రతుకు ముగిసినట్లు కాదు. ప్రభుత్వం 2004 నుండి ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆస్పత్రి వేలమందికి ఈ వైద్యం చేసింది. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి నిలిస్తే, దాంపత్యం ద్వారా మరొకరికి సోకదు. సవాయి పెన్సిలిన్‌తో నయమవుతుంది. గర్భిణులు తొలి నెలల్లోనే దానికీ పరీక్ష చేయించుకోవాలి.

ముప్పు జరిగిందని అనుమానం వస్తే 72 గంటలలోపే వైద్యుని వద్దకు చేరాలి. ఊరు కాని ఊరిలో ఎవరినడగాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు. బెంగళూరు బస్సెక్కే కుమారుని ఫోనులో ఈ రాత్రే ఆ నంబరు వేయించండి.