తంగేటి వగరు



అల్లూరు మొదలు కావలి వఱకు మెట్టచేల గట్లపై పసిడివన్నెతో పూచు తంగేడు నెఱుగనివారు మనలో లేరు. తెలంగాణమున బతుకమ్మను పేర్చుటకు ఈ పువ్వే ముఖ్యము. అచ్చట నిది రాష్ట్రపుష్పము కూడ. మనము మాత్రము దీనిని పచ్చిరొట్టగా మడిలో త్రొక్కి మఱచుచున్నాము.

షడ్రసములలో వగరునకు సంస్కృతమున కషాయమని పేరు. కాచిన మందునీటికిని అదియే పేరు! తంగేటిపట్టలో ఈ వగరు మెండు. దక్షిణాఫ్రికా నుండి వాటిల్ బెరడు వచ్చి దీని స్థానము నాక్రమించువఱకు తోళ్లు పదును చేయువారికి ఈ పట్టయే ఆధారము. వగరుపదార్థము తోలులోని మాంసకృత్తులను పట్టి బిగించును. అందుచే తోలు కుళ్లదు. చిగుళ్లమీదను, గొంతులోను ఇదే పని స్వల్పముగ జరుగును. కావుననే పట్టకు పదునాఱు పాళ్ల నీరుపోసి, ఎనిమిదవ పాలు మిగులునట్లు కాచి, గోరువెచ్చగ పుక్కిలించినచో చిగుళ్ల వాపు, గొంతునొప్పి కొంత శమించును.

ఇంతవఱకు బాగున్నది. మధుమేహము మాట వేఱు. పూలసారము ఎలుకల రక్తమందలి చక్కెరను తగ్గించినట్లు పరీక్షలలో కనబడినది. ఎలుకకు మేలైనది మనుష్యునకును అంతే మేలగునని చెప్పరాదు. నేనీ వివేచన లేక మా బావగారికి పూలకషాయమును గొప్పగా పొగడితిని. ఆయన ఇన్సులిన్ సూదిమందు మానివేసెను. 1922లో టొరాంటోలో మొదటిసారి మనుష్యునకిచ్చిన నాటినుండి ఎందఱి ప్రాణములనో నిలిపిన మందది!

పిమ్మట ఆయన కాలిలో ముల్లు విఱిగినది. తిమ్మిరిపట్టిన పాదము కావున నొప్పి తెలియలేదు. పట్టకషాయముతో కడుగగా పుండు పైకి ఎండినట్లే కనబడెను. లోపల చీము క్రిందికి దిగినది. నెల్లూరు చేరునప్పటికి రెండు వ్రేళ్లు తీసివేయవలసి వచ్చెను. ఆయన నన్నొక్క మాట యనలేదు. అనియుండినచో నాకు తేలికగా నుండెడిది.

మధుమేహము గలవారు కాలిపుండును ఒకదినమైనను ఇంట నుంచుకొనరాదు. వైద్యుడిచ్చిన మందుతోపాటు ఈ పూలనీరు త్రాగదలచినచో ఆయనకు ముందుగ చెప్పవలెను. రెండును గలసి చక్కెర మితిమీఱి పడిపోవచ్చును. మా బావగారిప్పుడు ప్రతిదినము సూదిమందు వేసికొనుచున్నారు. చిగుళ్లు వాచిననాడు తంగేటిపట్ట కొఱకు మా గట్టునకే వత్తురు. నేనే చెక్కి యిత్తును.