మంద వెంట నడిచే కుక్క

గొల్ల, కురుమ సోదరులారా,

గొర్రె దగ్గితే పశువైద్యశాలకు నడుస్తారు గదా! రాత్రంతా మందను కాసే కుక్క కుంటితే మాత్రం, అదే సర్దుకుంటుందిలే అంటారు. మిగిలిన గట్క దానికి, మందులన్నీ గొర్రెలకు!

జనగామ బీళ్లలో గాని, మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల అంచున గాని దూరపు మేతకు బయలుదేరే ముందు, మూడు వారాలు కుక్కను తయారు చేయాలి. మొదట ఒక కిలోమీటరు నడిపించి, మూడు నాలుగు రోజులకు కొంత కొంత పెంచండి. ఇంటివద్ద పడుకొన్న కుక్కను ఒక్కసారిగా పొద్దంతా నడిపిస్తే అరికాళ్లు ఒరుసుకుపోతాయి, కండరాలు పట్టేస్తాయి.

కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు; నాలుక చాచి రొప్పడమే దానికి దిక్కు. నేలపై మీ అరచేయి నిలువకుంటే దాని కాలూ నిలువదు. తూలిందంటే వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి విసరండి.

సాయంత్రం వేళ్ల సందులు విప్పి చూడండి. తుమ్మముల్లు, పల్లేరుకాయ, పిడుదు ఉంటే తీసి, పుండైతే ఉప్పునీటితో కడగండి. నొప్పికని మనం మింగే మాత్రలు వేయరాదు సుమా! ఐబుప్రొఫెన్ వంటిది దాని కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను చెరుస్తుంది.

పందుల మీదికి ఉసికొల్పకండి. కోరతో పొట్ట చీలుతుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసూ అవుతుంది.

పిచ్చికుక్క వ్యాధి టీకా మూడు నెలల వయసులో, పిదప ఏటేటా వేయించాలి. గొర్రెలకు మందు తాపించే నాడే కుక్కనూ పశువైద్యుని వద్దకు తోలుకొని పొండి.