మంచుచరియలు - ముందుగా పడగొట్టు విద్య

చెన్నూరులో మంచు అనగా చలికాలమున తెల్లవారుజామున గోదావరిపై పొగవలె లేచి, ప్రొద్దెక్కిన కొంతసేపటికి విడిపోవునదే. ఎండాకాలమున 45 డిగ్రీల వేడికి అలవాటుపడిన మనకు, మంచు మనుష్యులను చంపునన్న మాట కట్టుకథవలె తోచును. అయినను నేడు మేమీ విషయమును ఎత్తుకొనుటకు రెండు కారణములు కలవు. గుల్మర్గు, మనాలి, నాథులా చూడబోవు కుటుంబములు నేడు మన ఊళ్లలో అరుదు కావు. ఇది మొదటి కారణము. ఇక రెండవది. హిమాలయములపైనను, ఐరోపా, అమెరికా పర్వతములపైనను మంచును అదుపుచేయువారి పద్ధతి, మన మందమర్రి, శ్రీరాంపూరు బొగ్గుగనులలో పైకప్పును అదుపుచేయు పద్ధతికి దగ్గరి చుట్టము. మా ఊరి చుట్టుప్రక్కల గనిపనివారి ఇండ్లు పెక్కు కలవు. వారికి ఈ సంగతి మాకంటె త్వరగా బోధపడగలదు.

ముందుగా పదమును గూర్చి ఒక మాట. పత్రికలవారు హిమపాతమను పేరును రెండర్థములలో వాడుచున్నారు. ఆకాశమునుండి మంచు కురియుటయు హిమపాతమే, కొండవాలున పేరిన మంచు ఒక్కుమ్మడిగా జారిపడుటయు హిమపాతమే. మొదటిది వేడుక, రెండవది విపత్తు. కనుక రెండవదానిని మేము మంచుచరియ అని పిలిచెదము.

కొండమీద మంచు ఒక్క ముద్దగా నిలుచునది కాదు. తుఫాను వచ్చినప్పుడెల్ల ఒక క్రొత్త పొర ఏర్పడును. నడుమ వచ్చు నిర్మలమైన చలిరాత్రులలో కొన్ని పొరలలోని కణములు మారి, ఒకదానికొకటి అంటుకొనక, పంచదార పలుకులవలె విడివిడిగా నిలిచిపోవును. తరువాతి తుఫానులో వానిపై గట్టి పొర వచ్చి కూర్చుండును. ఏటవాలు బల్లమీద జొన్నలు పరచి, వానిపై నాపరాయి పలక నుంచినట్లు ఊహింపుడు. పలక నిలిచియే యుండును. ఎవడో ఒకడు దానిపై కాలు మోపును. అంతట జొన్నలు దొర్లును, పలక పగిలి జారును.

ఇట్టి చరియలలో ఎక్కువ భాగము 30 నుండి 45 డిగ్రీల వాలుగల చోట్ల విరుగును. అంతకంటె నిటారైన చోట మంచు ఎక్కువగా పేరకమునుపే రాలిపోవును, వాలు తక్కువైనచో కదలదు. దురదృష్టమేమనగా, కాళ్లకు బద్దలు కట్టుకొని మంచుపై జారు క్రీడ, అనగా స్కీయింగు, ఆడు సాహసికులకు మిక్కిలి ఇష్టమైన వాలు కూడ అదియే. విరిగిన చరియ కొన్ని క్షణములలోనే గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగము నందుకొనగలదు. క్రీడకై వెళ్లి చరియలో చిక్కి మరణించినవారి సంగతి పరిశీలింపగా, పదింట తొమ్మిది ప్రమాదములలో ఆ చరియను కదల్చినది చిక్కుకొన్నవారో, వారి తోడివారో అని తేలినది. గట్టిగా అరచినచో చరియ విరుగునని సినిమాలలో చూపుదురు. అది నిజము కాదు. మనిషి గొంతునకు అంత బలము లేదు. అతని బరువునకు కలదు.

ఇప్పుడు గనికి వత్తము. భూగర్భమున బొగ్గు స్తంభములను తీసికొనుచు వెనుకకు మరలునప్పుడు మిగులు ఖాళీ స్థలమును గోఫు అందురు. ఆ స్థలముపై కప్పు ఎప్పటికప్పుడు కూలిపోవుటయే మేలు. గట్టి ఇసుకరాతి కప్పు కూలక, విశాలముగా వేలాడుచున్నప్పుడే భయము. అది ఒక్కసారిగా కూలినచో లోపలి గాలి తోసుకొనివచ్చి దూరమున నున్నవారిని సైతము పడగొట్టును. అందుచేత పనివారిని తొలగించి, రంధ్రములు తొలిచి, మందు పెట్టి, దానిని తామే పడగొట్టుదురు. కప్పు తన ఘడియను తానే ఎంచుకొన్నచో ఏమగునో, 2021 నవంబరు 10న శ్రీరాంపూరు గనిలో నలుగురిని పోగొట్టుకొన్న మన ప్రాంతమునకు వేరుగా చెప్పనక్కరలేదు.

మంచును అదుపుచేయు విద్యయు ఇదియే. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, అమెరికాలోని యూటా రాష్ట్రమున ఆల్టా అను స్కీయింగు స్థలమున, యుద్ధమునుండి తిరిగివచ్చిన మాంటీ ఆట్‌వాటర్ అను నతడు అటవీశాఖ తరఫున మంచును పరిశీలించుచుండెను. తుఫాను వెలిసిన పిదప చరియ ఎప్పుడు విరుగునోయని ఎదురుచూచుట కంటె, దానిని తామే విరుచుట మేలని అక్కడివారు ప్రేలుడు మందును వాడసాగిరి. 1940ల చివరకు సైన్యపు ఫిరంగియు అక్కడికి వచ్చినది. శత్రువులేని కొండపైకి గుండ్లు ప్రేల్చుట చూచి నవ్వినవారు ఉండవచ్చును. కాని ఆ పద్ధతి నిలిచినది. నేడు రక్షకులు తెల్లవారకముందే కొండ ఎక్కి, వత్తి వెలిగించిన మందును చేతితో విసరుదురు. ఆ మందు రాతిగనులలో వాడు జాతిదే. కొన్నిచోట్ల కొండవాలుననే పెద్ద గొట్టములను నాటి, వానిలో ఆక్సిజను, ప్రొపేను వాయువులను కలిపి, దూరమునుండి మీట నొక్కి ప్రేల్చుదురు. ప్రేలుడు అదరునకు చరియ చిన్నదిగా నున్నప్పుడే విరిగి, ఎవరును లేని లోయలోనికి దిగిపోవును.

చరియ ఊరిమీదికి రాకుండ ఉక్కు కంచెలు కట్టుట, రహదారిపై కప్పు వేయుట మొదలైనవియు కలవు. వానిలో ప్రాచీనమైనది చెట్టు. స్విట్జర్లండులోని ఆండర్‌మాట్ గ్రామస్థులు తమ ఊరిపైనున్న అడవిని కొట్టరాదని 1397లోనే కట్టడి వ్రాసికొనిరి. టేకు అడవులను ఎరిగిన మనవారు ఆ కట్టడి విలువను గ్రహింపగలరు.

ఇంతకును ప్రేల్చుట సులభము. కష్టమైన పని వేరొకటి కలదు. తుఫాను వెలిసిన మరునాటి ఉదయము ఆకాశము నీలముగా, మంచు పాలనురుగువలె నుండును. డబ్బు చెల్లించివచ్చినవారు వరుసలో నిలిచియుందురు, హోటళ్లవారు తొందరపెట్టుదురు. మిక్కిలి ప్రమాదకరమైన దినములలో అదియొకటి. అప్పుడు త్రాడు అడ్డముగా కట్టి, నేడు ఈ వాలు మూయబడినది అని చెప్పగల అధికారము ఆ రక్షకునికి ఉండవలెను. గనిలో అపాయము కనిపించినప్పుడు పనివారిని వెలుపలికి పంపు బాధ్యత ఓవర్‌మెన్‌పై, సర్దారుపై ఉన్నట్లే ఇదియును. ఈ అధికారము లేనిచో ఎన్ని మందుగుండ్లు కాల్చినను అది దీపావళితో సమానమని మా అభిప్రాయము. మరియు, ప్రేల్చినను చరియ పడకపోవుట క్షేమమునకు ప్రమాణము కాదు. కొన్ని వేళల అది రెండవ దెబ్బకు, లేదా మొదటి మనిషి బరువునకు విరుగును.

మన దేశమున ఈ శాస్త్రమునకై 1969లో మనాలిలో ఒక పరిశోధనా సంస్థ వెలసినది. సైన్యము హిమాలయ దారులలో పడుచున్న బాధలే దానికి మూలము. 2020లో అది రక్షణ పరిశోధన వారి మరియొక సంస్థతో కలిసి నూతన నామమును పొందినది. కాశ్మీరులోని గుల్మర్గున అఫర్వత్ కొండపైకి తీగెదారి కలదు. దానిపై ఎక్కినవారికి కొండ అంతయు తమదేయని తోచును. 2010 ఫిబ్రవరి 8న అచ్చటి సైనిక పాఠశాలలో శిక్షణ పొందుచున్న 17 మంది జవానులు చరియక్రింద మరణించిరి. మంచు నెరుగనివారు కారు వారు. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండు దేశీయులును, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యా దేశీయుడును అదే ప్రాంతమున ప్రాణములు కోల్పోయిరి.

చరియ క్రింద పడినవానికి మొదటి పది పదునైదు నిమిషములే ముఖ్యము. అరగంట దాటినచో ఆశ సన్నగిల్లును, ఏలయన నిలిచిపోయిన మంచు సిమెంటువలె బిగిసి ఊపిరి ఆడనీయదు. ఊరినుండి సహాయము వచ్చులోపల ఆ కాలము గడచిపోవును. కాబట్టి త్రవ్వి తీయవలసినవారు తోడివారే. వారు మూడు వస్తువులను వెంట ఉంచుకొందురు: ఒక పార, మంచులో గ్రుచ్చి చూచుటకు పొడవైన సన్నని కడ్డీ, రొమ్మున కట్టుకొను చిన్న రేడియో యంత్రము. రేడియో గలవారికి ఈ మూడవది విందుగా నుండును. ప్రపంచమంతట ఆ యంత్రము 457 కిలోహెర్ట్జుల మీద కూయుచుండును. మన మీడియం వేవు 531 వద్ద మొదలగును, అనగా ముల్లు ఎడమ కొననుండి ఇంకను కొంచెము జరుగగలిగినచో ఆ కూత వినబడెడి చోటే. రేడియోలు బాగుచేయువారు 455 అను అంకెను ఎరుగుదురు. మన పెట్టెలలో లోపల పనిచేయు తరంగము అదియే, దానికి ఇది ప్రక్కింటిది. మంచులో మునిగినవాని యంత్రము కూయుచుండగా, పైనున్నవారు తమ యంత్రమును వినుటకు త్రిప్పి, ధ్వని పెరుగు దిక్కునకు నడతురు. అది వినబడు దూరము కొన్ని పదుల మీటర్లే.

యాత్రికులలో పెక్కుమంది వద్ద ఈ యంత్రములు ఉండవు. వారికి త్రాడే రక్ష. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టాక్ నుండి నాథులా పోవు దారిలో 15వ మైలు వద్ద చరియ పడి ఏడుగురు యాత్రికులు మరణించిరి. ఆనాడు యాత్రికులకు అనుమతి 13వ మైలు వరకే యుండెను.

మంచుప్రదేశములలో ప్రమాద తీవ్రతను ఒకటి నుండి ఐదు వరకు అంకెలతో తెలుపుదురు. నాలుగు, ఐదు అన్న దినములలో జనులు భయపడి కదలరు. ఎక్కువమంది చనిపోవునది మూడు అన్న దినములలో. మూడనగా మధ్యస్థమని అనుకొని బయలుదేరుదురు. మన కుటుంబములు అటు వెళ్లినప్పుడు ఉదయమున గుర్రపువానినో, కారు నడుపువానినో కాక, పోలీసువారిని గాని తీగెదారి కార్యాలయమువారిని గాని రెండే ప్రశ్నలు అడిగిన చాలును: నేటి అంకె ఎంత, త్రాడు ఎచ్చటివరకు కట్టిరి? హిందీ అంతగా రానివారు సైతము ఒకటి నుండి ఐదు వరకు వ్రేళ్లమీద లెక్కపెట్టి అడుగవచ్చును.