గాలముపై సుంకము - చిన్న పనివారు

గాలము వేసి ఏటి యొడ్డున కూర్చుండువాడు పన్నులను గూర్చి తలపోయడు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో అతని చేతి కర్రపైన, దారముపైన, దాని కొసనున్న కొక్కెముపైన కూడ కేంద్ర ప్రభుత్వపు ఎక్సైజు సుంకము ఏర్పడి యున్నది. ఆ సుంకము చిన్న పనివానిపై ఎట్లు పడుచున్నదో నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ముందుగా దాని ఉద్దేశమును చెప్పవలెను. 1950లో అమెరికా కాంగ్రెసు డింగెల్-జాన్సన్ చట్టమును చేసినది. గాలపు సామగ్రిపై వచ్చు సుంకము సాధారణపు ఖజానాలో కలిసిపోక, చేపల సంరక్షణకే వ్యయము కావలెనని దాని సారాంశము. 1984లో వాలప్-బ్రో సవరణ వలన మరికొన్ని వస్తువులు ఈ సుంకము క్రిందికి వచ్చినవి. మోటారు పడవల ఇంధనముపై పన్నులో కొంత భాగము కూడ ఈ నిధికి చేరినది. నిధిని రాష్ట్రములకు పంచునప్పుడు నూటికి 60 పాళ్లు లైసెన్సు పొంది గాలము వేయువారి సంఖ్యను బట్టియు, 40 పాళ్లు నేల, నీటి విస్తీర్ణమును బట్టియు లెక్కింతురు. ఆ సొమ్ముతో చేపపిల్లలను పెంచు కేంద్రములు, పడవలు దింపు రేవులు, చేపలను గూర్చిన పరిశోధనలు సాగుచున్నవి. ఏటివలన ఆనందము పొందువాడే ఏటి పోషణకు కొంత యిచ్చుట న్యాయమే కదా!

ఒక కార్యమునకై సుంకమును ప్రత్యేకించుట మనకును క్రొత్త కాదు. 1953లో మన దేశమున మిల్లు బట్టపై అదనపు ఎక్సైజు సుంకము విధించి, ఖద్దరు, చేనేతల అభివృద్ధికి వినియోగించిరి. అయితే అచ్చట పెద్ద మిల్లు చెల్లింపగా చిన్న మగ్గము మేలు పొందినది. గాలపు సుంకమునందు చిన్నవాడును పెద్దవానితో సమానముగా చెల్లింపవలసియున్నది.

ఈ సుంకమును ప్రభుత్వమునకు కట్టవలసినవాడు కొనువాడు కాదు. వస్తువును తయారు చేసినవాడు, లేదా విదేశమునుండి దిగుమతి చేసినవాడు. రేటు సాధారణముగా నూటికి 10. కర్రలు, దారపు చక్రములు, కొక్కెములు, బెండ్లు, సీసపు గుండ్లు, ఈకలతో కట్టిన కృత్రిమపు ఈగలు - ఇవన్నియు పట్టికలో నున్నవి. నిజమైన వానపామునకు సుంకము లేదు. వానపామువలె పోతపోసిన మెత్తని ఎరకు కలదు.

ఇంటి వంటబల్లపై, రాత్రి తీరిక వేళ, కోడి యీకలు, దారము, కొక్కెము చేరిచి ఈగలు కట్టు ఒక పనివానిని ఊహింతము. అతడు మూడు నెలలలో నూరు ఈగలు కట్టి, ఒక్కొక్కటి 2 డాలర్ల చొప్పున అంగడికి అమ్మెననుకొందము. వచ్చినది 200 డాలర్లు. సుంకము 20 డాలర్లు. అది భరింపరాని మొత్తము కాదు. కాని ఆ యిరువది డాలర్లకై మూడు నెలల కొకసారి 720వ నంబరు ఫారము నింపవలెను. అమ్మకపు లెక్కలు భద్రపరుపవలెను. అంగడి ధరకు, నేరుగా కొనువానికి అమ్మిన ధరకు గల భేదమును గుర్తింపవలెను. వేలకొలది వస్తువులు చేయు కర్మాగారమున ఈ పనికి గుమాస్తాలు కలరు. ఇంటి పనివానికి గుమాస్తా తానే. తనకు ఇట్టి బాధ్యత కలదని ఎరుగక కొన్నియేండ్లు గడపినచో, పాత బాకీతోపాటు జరిమానాయు వడ్డీయు మీద పడును.

ఇచ్చట మరియొక విషయము గమనింపదగియున్నది. 2005లో చేసిన ఒక చట్టము గాలపు కర్రపై సుంకము 10 డాలర్లకు మించరాదని నిర్ణయించినది. అందుచే 400 డాలర్ల కర్రకు 40 డాలర్లకు బదులు పదియే పడును; అనగా నూటికి రెండున్నర. రెండు డాలర్ల ఈగకు మాత్రము నూటికి పది తప్పదు. అదే చట్టము సంవత్సరమునకు 50కి తక్కువ తుపాకులు చేయు చిన్న పనివారికి తుపాకులపైగల ఎక్సైజు సుంకమునుండి మినహాయింపు నిచ్చినది. తుపాకి చేయు చిన్నవానియెడల చూపిన కనికరము ఈగ కట్టు చిన్నవానియెడల చూపబడలేదు.

మినహాయింపు నిచ్చినచో నిధి తరుగునని, పెద్దవారు చిన్నవారి వేషము వేయుదురని కొందరందురు. ఈ శంకను త్రోసిపుచ్చరాదు. సుంకమును రద్దు చేయుమని మేమును అనము. ఆ నిధివలన బ్రతికిన చేపలే కదా ఈగ కట్టువానికి జీవనాధారము! కాని అమ్మకము ఒక మితమునకు లోపడినవారు ఏడాదికి ఒకసారి, ఒక చిన్న పత్రముపై లెక్క చెప్పి సుంకము కట్టు వీలు కల్పించినచో నిధికి నష్టము లేదు. పనివానికి మూడు పర్యాయముల శ్రమ తప్పును. పన్ను కట్టుటకు ఇష్టపడువానికి ఆ కట్టు విధానమే అడ్డు కారాదని మా అభిప్రాయము.