బగ్ అంటే ఏ పురుగు?

సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని బగ్ అంటారు కదా. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. దాన్ని తీసి, టేపుతో లాగ్‌బుక్‌లో అతికించారు. మాట అక్కడే పుట్టిందని చెబుతుంటారు, అది కట్టుకథే. యంత్రాల లోపాలను ఎడిసన్ 1878లోనే తన ఉత్తరంలో బగ్‌లన్నాడు.

ఇక అసలు పురుగు సంగతి. వాడుకలో ప్రతి చిన్న పురుగూ బగ్గే. కీటక శాస్త్రం మాత్రం సూదిలాంటి మూతితో గుచ్చి రసం పీల్చే హెమిప్టెరా వర్గానికే ఆ పేరిస్తుంది. మంచంలో నల్లి, పత్తి మీది పిండినల్లి, చిక్కుడు తీగకు పట్టే పేనుబంక, వరిని ఎండగొట్టే సుడిదోమ ఆ కోవలోవే. సుడిదోమ పేరుకే దోమ!

అమెరికన్లు లేడీబగ్ అనేది మన అక్షింతల పురుగు. ఎర్రటి బొద్దు ఒంటిమీద నల్లచుక్కలుంటాయి. నిజానికి అది బగ్ కాదు, పెంకుపురుగు. పైగా పేనుబంకను తినేస్తుంది. అందుకే రైతు సోదరులారా, పేనుబంక కనబడగానే మందు కొట్టకండి. ఆకుల మీద అక్షింతల పురుగులున్నాయేమో ముందు చూడండి.