అవసరం తీరిన సర్కారు భూమి ఎవరిది?

(చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ చోటికి కొద్ది దూరంలోనే ఒక కాలువ ప్రవహిస్తున్నది. హుస్సేన్ సాగర్ నిండి పొర్లిన నీటిని అశోక్‌నగర్ పక్కగా, నల్లకుంట మీదుగా మూసీకి చేర్చే కాలువ అది. దానిని అందరూ ‘సర్‌ప్లస్ నాలా’ అంటారు. మిగులు నీటికి ఒక దారి ఉండాలి, ఆ దారి ఇరుకైతే ఊరు మునుగుతుంది. 2000 ఆగస్టు వరదలో ఈ నాలా ఒడ్డున ఉన్న బస్తీలు, కాలనీలు ఈ సత్యాన్ని అనుభవించి తెలుసుకున్నాయి. నేడు మేము మాట్లాడదలచినది మరొక మిగులును గురించి. ప్రభుత్వం తన అవసరం తీరిందని పక్కన పెట్టే భూమిని గురించి. ఆ మిగులుకు కూడా ఒక న్యాయమైన దారి ఉండాలన్నదే మా విన్నపం.

హుస్సేన్ సాగర్‌ను 16వ శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మించారు. ఆ నీటిని వాడుకున్నవారి మతమేదని ఎవరూ అడగలేదు. అది ఈ నగరానికి లభించిన తొలి ఉమ్మడి ఆస్తులలో ఒకటి. ఆ సంప్రదాయానికి వారసులుగానే మేము ఈ ప్రశ్న వేస్తున్నాము.

మన పేటల పేర్లు ఒకసారి తలచుకోండి. బాగ్‌లింగంపల్లి, బషీర్‌బాగ్, నజ్రీబాగ్, బాగ్ అంబర్‌పేట. తోటలు పోయి పేర్లు మిగిలాయి. ఇందిరా పార్కు ఉన్నది, 76 ఎకరాలు. 1975లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. అర్ధ శతాబ్దం క్రితం అంత భూమిని ఉద్యానవనానికి కేటాయించిన ప్రభుత్వం నుండి, ఆ తరువాత ఈ చుట్టుపక్కల మనకు దక్కినది ఏమిటి? 2023లో ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వరకు మన తలల మీదుగా ఉక్కు వంతెన వచ్చింది. దాని కింద, అశోక్‌నగర్ గల్లీలలో, ఉద్యోగ పరీక్షలకు చదివే వేలాది యువతీ యువకులు ఇరుకు గదులలో కాలం గడుపుతున్నారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు దొరకనివాడు మెట్ల మీద కూర్చుని చదువుతాడు. రెండు గదుల ఇంటిలో ఆరుగురు బతికే బస్తీ తల్లి సాయంత్రం పిల్లలను తీసుకుని ఎక్కడికి వెళ్ళాలి? పార్కు అన్నది సంపన్నుల వాకింగు వ్యవహారం కాదు. ఇంటిలో చోటు లేనివారికి అదే వాకిలి, అదే పెరడు.

ఇక ప్రభుత్వ భూమి విషయానికి వద్దాము. 2023 ఆగస్టులో కోకాపేటలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలకు వేలంలో పలికింది. ఆ అంకె విన్న ఏ ఖజానాకైనా ప్రతి ఖాళీ స్థలమూ నోట్ల కట్టగా కనిపించడం సహజం. ఆ సొమ్ముతోనే కదా పింఛన్లు, గురుకులాలు, మైనారిటీ సంక్షేమం నడిచేది అని మనవారే కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా సమాధానం ఇది: కోకాపేట నగరపు అంచు. అక్కడ నేడు అమ్మినా రేపు ఇంకొంత దూరంలో భూమి దొరకవచ్చు. నారాయణగూడలో అర ఎకరం అమ్మితే మరో అర ఎకరం ఏనాటికీ రాదు. ఆదాయం ఒక్కసారి వస్తుంది, లోటు మాత్రం తరతరాలకు ఉంటుంది.

పాత అవసరం తీరిన భూమిని ప్రజలకే ఇచ్చిన ఉదాహరణ మన పొరుగునే ఉన్నది. ముషీరాబాద్‌లోని పాత జైలు స్థలంలోనికి 2003లో గాంధీ ఆసుపత్రి తరలివచ్చింది. పేదవారికి ఎంతో మేలు జరిగింది, మేము హర్షిస్తాము. కానీ 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి కాలంలో, భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసిన జైలు అదేనని నేడు అక్కడికి వచ్చే రోగులలో ఎందరికి తెలుసు? భూమి ప్రజలకు దక్కింది, జ్ఞాపకం దక్కలేదు. రెండూ దక్కాలని మనం కోరుకోవాలి.

నారాయణగూడ పక్కనే కింగ్ కోఠి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అక్కడే నివసించి, 1967 ఫిబ్రవరి 24న అక్కడే కన్నుమూశారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఆయన సమాధి ఉన్నది. ఆ ప్రాసాద సముదాయంలో ఒక భాగాన్ని కూల్చి ప్రభుత్వ ఆసుపత్రి కట్టారు. ఆసుపత్రి నేడు అవసరమే. అయితే అది ఏనాడైనా వేరే చోటికి తరలితే ఆ నేల ఏమవుతుంది? ఇది ఊహాగానం కాదు. ఇదే ప్రశ్న నేడు అఫ్జల్‌గంజ్‌లో ఎదురవుతున్నది. ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో సుమారు 26 ఎకరాలలో కొత్త భవనాల కోసం 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రోగులు వెళ్ళిన తరువాత మూసీ ఒడ్డున ఆ పాత గుమ్మటాల భవనం, దాని ప్రాంగణం ‘అవసరం తీరిన’ ఆస్తి అవుతాయి. 1908 సెప్టెంబరు వరదలో ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం నేటికీ చెప్పుకుంటుంది. ఆ చెట్టునూ, ఆ కట్టడాన్నీ ఎవరి చేతిలో పెడతారో ఇప్పుడే వ్రాతపూర్వకంగా తేలాలి.

ఎందుకంటే మాటలు ఎంత తేలికగా మారతాయో మనం చూశాము. చారిత్రక కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. అయినా ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయం వెలువడింది. 2019 సెప్టెంబరులో హైకోర్టు దానిని కొట్టివేయవలసి వచ్చింది. 2020 జూలైలో సచివాలయం కూల్చివేతలో రెండు మసీదులు, ఒక ఆలయం దెబ్బతిన్నాయి. 2023 ఆగస్టులో వాటిని తిరిగి నిర్మించి అప్పగించారు. సంతోషమే. కానీ కొత్త గోడలకు పాత సజ్దాల చరిత్ర రాదు. పెద్ద నిర్మాణం వచ్చినప్పుడు మొదట కనుమరుగయ్యేవి చిన్న మసీదు, చిన్న గుడి, ఆషుర్‌ఖానా, పేరులేని సమాధి.

మైనారిటీలుగా మనకు మరొక భయమూ ఉన్నది. 2025 వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అన్న భావనను ఇకముందుకు తొలగించింది. ఒక స్థలం ప్రభుత్వానిదా, వక్ఫ్‌దా అన్న వివాదంలో అధికారికి కట్టబెట్టిన కొన్ని అధికారాలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న తాత్కాలికంగా నిలిపివేసింది. కనుక ‘మిగులు భూమి’ అన్న ముద్ర పడేముందు ఆ భూమి పుట్టుపూర్వోత్తరాలు బహిరంగంగా పరిశీలించాలి. పార్కు పేరుతో ఖబరస్తాన్ పోరాదు. అలాగే, ఖబరస్తాన్ హద్దులో దుకాణాలు వేసి అద్దెలు తినే మనవారిని మనమే ముందుగా నిలదీయాలి. తన ఇల్లు ఊడ్చుకోనివాడికి వీధిని గురించి అడిగే అర్హత ఉండదు.

దారి లేదా? ఉన్నది. అమెరికాలో ప్రభుత్వానికి అక్కరలేని స్థలాలను పార్కుల కోసం, చారిత్రక కట్టడాల పరిరక్షణ కోసం స్థానిక సంస్థలకు ఉచితంగా బదిలీ చేసే చట్టబద్ధమైన పద్ధతి కొన్ని దశాబ్దాలుగా నడుస్తున్నది. దాని మూలం 1949 నాటి చట్టం. ఆ పద్ధతిలో ప్రాణం ఒక షరతు: ఇచ్చిన పనికి శాశ్వతంగా వాడాలి, మాట తప్పితే భూమి తిరిగి ప్రభుత్వానికి పోతుంది. మన దేశంలోనూ ఆధారం ఉన్నది. బెంగుళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రయివేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. చారిత్రక స్థలాలను కాపాడడం రాజ్యం బాధ్యత అని రాజ్యాంగం 49వ అధికరణం చెబుతున్నది.

ఇస్లామీయ సంప్రదాయానికి ఈ ఆలోచన కొత్తది కాదు. దైవప్రవక్త (సఅసం) మదీనా సమీపంలో కొంత పచ్చిక భూమిని ‘హిమా’గా, అనగా ఎవరూ సొంతం చేసుకోరాని రక్షిత భూమిగా ప్రకటించారు. చెట్టు నాటితే దాని ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా అది నాటినవానికి దానంగా నమోదవుతుందని బోధించారు. వక్ఫ్ భావన సారాంశం కూడా ఇదే: సమర్పించినది అమ్మరాదు, పంచరాదు, దాని ఫలం మాత్రం అందరికీ అందాలి. ప్రజల భూమిని ప్రభుత్వం ఈ దృష్టితో చూస్తే చాలు.

కనుక మా కోరికలు నాలుగు. ఈ మూడు ప్రాంతాలలోని ప్రభుత్వ స్థలాల జాబితాను, వాటి పాత రికార్డులతో సహా, తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. అవసరం తీరిన ఏ స్థలాన్నయినా వేలానికి పెట్టేముందు పార్కు, గ్రంథాలయం, శ్మశానం, ఖబరస్తాన్ అవసరాలకు తొలి హక్కు ఇవ్వాలి. ఆ స్థలంలో పాత కట్టడమో, ప్రార్థనా స్థలమో ఉంటే దానిని కాపాడే షరతు బదిలీ పత్రంలోనే వ్రాయాలి. షరతు ఉల్లంఘిస్తే భూమి తిరిగి ప్రజలకు చెందే నిబంధన ఉండాలి.

ఇవి ముస్లింల కోసం మాత్రమే అడుగుతున్నవి కావు. పార్కు బల్ల మీద బురఖా వేసుకున్న తల్లి పక్కన బొట్టు పెట్టుకున్న తల్లి కూర్చుంటుంది. ఇద్దరి పిల్లలూ ఒకే ఉయ్యాల కోసం పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటకు చోటు మిగల్చడమే ఈ నగరానికి మనం చేయగల మేలు. ఆ కృషిలో అల్లాహ్ మనకు తోడ్పడుగాక. ఆమీన్.